రతన్‌పూర్‌కి మాతో వచ్చిన కాల్‌మన్ అన్న

మా కాల్‌మన్ అన్న మొన్న గురువారం పొద్దున్న పోయారు. పద్దెనిమిదేళ్ళు ఈ రైల్వే క్వార్టర్ల లైన్లలో ప్రతి తలుపూ తట్టిన మనిషి పోతే, ఆ మాట చెప్పడానికి ఎవరూ ఏ తలుపూ తట్టలేదు. కుళాయి దగ్గర బిందె నిండేలోగా విన్నాను. "సిర్గిట్టిలో ఉండే బూడిదగుంట ముసలాయన పోనాడట" అంది ఒకామె. "ఎవరాయన?" అంది ఇంకొకామె. ఆయన ఎవరో నేను చెప్పవలసి వచ్చింది. అక్కడ సగమే చెప్పగలిగాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

రైల్వేలో లేని చదువరులకి ఒక మాట. బండి నడిపే వాళ్ళకి వేళాపాళా ఉండదు. బండి బయల్దేరే రెండు గంటల ముందు కాల్‌మన్ పుస్తకం పట్టుకుని ఇంటికి వస్తాడు. డ్రైవరు అందులో సంతకం పెట్టాడంటే ఇక ఆ బండి ఆయనదే. తద్దినం మధ్యలో ఉన్నా విస్తరి వదిలి లేవాలి. అందుకని లైన్లో ఆడవాళ్ళెవరికీ కాల్‌మన్ అంటే పడదు. యముడి బంట్రోతు అనేవాళ్ళం. ఒకసారి మా పక్కింటావిడ ఆయన వినేలాగే అంది. ఆయన పుస్తకం చంకలో పెట్టుకుని, "బంట్రోతునే అమ్మా, ఒప్పుకుంతాను. యముడు ఆపీసులో కూకున్నాడు, ఆడినేటీ అనలేరు మీరు" అని నవ్వుతూ పోయారు.

పసిపిల్లలున్న ఇంటి ముందు ఆగి, చేతికర్ర చివరికి గుడ్డపీలిక చుట్టి, అప్పుడు గుమ్మాన్ని తట్టేవారు. చీకటి ఉండగా పిలవాల్సి వస్తే మూడుసార్లు, మధ్యలో ఆగి ఆగి పిలిచేవారు. "మూడో పిలుపుకి పలకండమ్మా. దెయ్యమైతే మూడోపాలి పిలవదు, నానైతే పిలుస్తాను" అని కొత్త కోడళ్ళకి ధైర్యం చెప్పేవారు. ఇంట్లోకి ఎప్పుడూ అడుగు పెట్టలేదు. మజ్జిగ ఇస్తే నిలబడే తాగేవారు. ఏ ఇంట్లో గొడవ జరుగుతోందో, ఎవరు తాగి పడుకున్నారో అన్నీ ఆయనకి తెలుసు. ఒక ఇంటి మాట ఇంకో ఇంట్లో ఆయన నోట ఎవరూ వినలేదు.

నాకు ముందు ఇద్దరు పుట్టి పోయారు. బాబు ఏడో నెలలో, పాప పదో నెలలో. ఏ ఒక్కరికీ ఏడాది నిండలేదు. మూడోసారి ఆడపిల్ల పుట్టేసరికి నాకు ముప్ఫై నాలుగేళ్ళు. మాకు పాలు పోసే రౌతాయిన్, ఈ ఊరి గొల్లామె, పాపని చూసి నా చెయ్యి పట్టుకుంది. రతన్‌పూర్ తీసుకెళ్ళి మహామాయ అమ్మవారి గుడి గడప మీద పడుకోబెట్టమంది. "మాయీకి ఇచ్చెయ్యి. మళ్ళీ అడిగి తెచ్చుకో. తల్లీ తండ్రీ ఇద్దరూ వెళ్ళాలి. ఏడాది నిండకముందే" అంది. ఆమె పిల్లలు ఆరుగురూ అలా వెళ్ళి వచ్చినవాళ్ళేనట.

మా బిలాస్‌పూర్‌నించి రతన్‌పూర్ పదహారు మైళ్ళు. ఒక్క పగటి పని. ఒక కాగితం మీద రాసి వంటింటి గోడకి అతికించాను. ఏడున్నరకి బస్సు. తొమ్మిదిన్నరకి చేరడం. పన్నెండుకి గుడి తలుపులు మూస్తారు గనక పదకొండు లోపు దర్శనం. చెట్టు కింద భోజనం. మూడింటికి ఆఖరి బస్సు. అయిదున్నరకి ఇల్లు. కింద పట్టుకెళ్ళవలసినవి: కొబ్బరికాయ, ఎర్రగుడ్డ, గాజులు, కాచి చల్లార్చిన నీళ్ళు, పులిహోర, పాపకి నాలుగు పొత్తిగుడ్డలు. ఇందులో ఒక్క అక్షరం మార్చవలసిన అవసరం రాలేదు. పైన తేదీ మాత్రం కొట్టేస్తూ, పక్కన కొత్తది రాస్తూ వచ్చాను. అలా ఆరు తేదీలు కొట్టేశాను.

అవి యుద్ధం రోజులు. సెలవు అన్న మాట ఎత్తితే ఆఫీసులో నవ్వేవారు. మావారు డ్రైవరు; ఆయనకి ఒక డ్యూటీకీ ఇంకో డ్యూటీకీ మధ్య దొరికే రెస్ట్‌లోనే వెళ్ళి రావాలి. ఒకసారి ఆయన ముప్ఫై గంటలు ఆలస్యంగా దిగారు. ఒకసారి పులిహోర పోపులో ఉండగా పిలుపొచ్చింది. ఎవరి తర్వాత ఎవరు బండెక్కాలో ఆఫీసులో బోర్డు మీద వరసన రాసి ఉంటుంది. కాల్‌మన్ అన్న కనిపించినప్పుడల్లా, "బోర్డు మీద మావారి ముందు ఎంతమంది ఉన్నారన్నా?" అని అడిగేదాన్ని. "బోర్డు పొద్దుట ఒక మాట సెప్తాది, సందేలకి ఇంకో మాట సెప్తాది. దానికి నాను సాచ్చికం పలకనమ్మా" అనేవారు. ఎంత బతిమాలినా అదే జవాబు.

ఆరోసారి ఏకంగా బస్సు దాకా వెళ్ళాం. మావారు నియమం తప్పని మనిషి. ఎక్కడికి వెళ్తున్నదీ ఆఫీసులో చెప్పి మరీ వచ్చారు. పాపతో నేను ఎక్కి కూర్చున్నాను. ఆయన మెట్టు మీద కాలు పెట్టారు. వెనకనించి చెమటలు కారుతూ కాల్‌మన్ అన్న పరిగెత్తుకొచ్చారు, చంకలో పుస్తకంతో. బస్సులో జనం అందరూ చూస్తుండగా నేను ఆయన్ని అనరాని మాట అన్నాను. దాన్ని ఇక్కడ రాయను. ఆయన తల వంచుకుని, సంతకం అయ్యాక నా సంచీ కిందికి దింపి, ఇంటి గుమ్మం దాకా మోసుకొచ్చి పెట్టి వెళ్ళారు.

పాపకి ఏడాది నిండడానికి ఇంక తొమ్మిది రోజులున్నాయి. ఆ వారంలోనే సాయంత్రాలు దాని ఒళ్ళు వెచ్చబడటం మొదలైంది. ముందు ఇద్దరికీ అలాగే మొదలైంది. డాక్టరు పొడి ఇచ్చాడు. పొడి ముందు ఇద్దరికీ కూడా ఇచ్చాడు. రాత్రిళ్ళు దాని ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకుంటూ కూర్చునేదాన్ని. పగలు వండుతున్నా, గిన్నెలు తోముతున్నా ఒకటే లెక్క: ఇంక ఎనిమిది. ఇంక ఏడు.

మావారు ఒకరోజు మధ్యాహ్నం డ్యూటీ దిగారు. బోర్డు మీద ఆయన ముందు అయిదుగురున్నారు. కాగితం మీద ఏడోసారి తేదీ రాశాను. మర్నాడు తెల్లవారకముందే లేచి అన్నీ సర్దాను. ఆయన స్నానం చేసి పంచె కట్టి కండువా వేసుకున్నారు. పాపకి నూనె రాస్తున్నాను. గుమ్మం మీద మెత్తగా మూడు దెబ్బలు వినిపించాయి.

"ఏటన్నా ఇది?" అన్నాను తలుపు తీసి.

"స్పెషలమ్మా. మిలట్రీది. ముగ్గురు డ్రైవర్లు జొరంతో పడున్నారు, ఇద్దరు బళ్ళెక్కీసినారు. బాబుదే పేరు."

"ఇంట్లో లేరని రాసుకో."

"పంచె కట్టుకుని ఎదురుగా అవుపడతన్నారు కదమ్మా."

అప్పుడు నేను చేసిన పని మా లైన్లో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. ఆయన చేతిలో పుస్తకం లాక్కున్నాను. బియ్యం డబ్బా మూత మీద దాన్ని పడేసి, పాపని ఒళ్ళో పెట్టుకుని దాని మీద కూర్చున్నాను.

"చంపినా లేవను" అన్నాను.

మావారు "పిచ్చెక్కిందేటి నీకు, లే" అని బతిమాలారు. కసిరారు. నేను కదల్లేదు. కాల్‌మన్ అన్న గడప అవతల గొంతుక్కూర్చున్నారు. ఇంకా మూడిళ్ళు తిరగాలన్నారు. పుస్తకం లేకపోతే తన ఉద్యోగం పోతుందన్నారు. నాకు ఏమీ ఎక్కలేదు. చివరికి మెల్లిగా అన్నారు: "తిట్టమ్మా, పడతాను. కొట్టినా పడతాను. గాని అచ్చరాల మీద కూకున్నావమ్మా. పిల్లని ఒళ్ళో ఎట్టుకుని అచ్చరాల మీద కూకోకూడదు."

ఒక్క ఉదుటున లేచాను. పుస్తకం తీసి కళ్ళకద్దుకున్నాను. మావారు సంతకం పెట్టి, పంచె విప్పి ఖాకీలు తొడుక్కుని, పాప అరికాలు ఒకసారి పట్టుకుని వదిలి వెళ్ళిపోయారు. మంచం మీద ఆయన కండువా ఉండిపోయింది. పులిహోర సంచీ గుమ్మం పక్కనే ఉంది. నేను వంటింట్లో నేల మీద కూర్చున్నాను. ఏడవలేదు. ఏడవడానికి కూడా ఓపిక లేదు.

ఆరున్నరకి మళ్ళీ గుమ్మం మీద చప్పుడైంది. కాల్‌మన్ అన్నే. చేతిలో పుస్తకం లేదు. తల తడిగా ఉంది. చొక్కా మార్చుకున్నారు.

"ఆరింటికి డ్యూటీ దిగీసినాను. బాబు కండువా ఇలాగియ్యమ్మా."

"ఎందుకు?"

"మొగుడు ఊర్లో లేకపోతే కండువా పక్కనెట్టుకుని వ్రతాలు సేసుకోరేటి మనోళ్ళు? మహామాయమ్మ మాత్రం కాదంతాదా? లెగు, బస్సుకి ఏళయిపోతంది."

"రాత్రంతా నిద్దర లేదు కదన్నా మీకు."

"ఆ బాబుని పిలిసి పట్టుకుపోయినోడిని నానే. ఆ బాబు కండువానైనా నానే మోసుకొస్తాను. బస్సులో తొంగుంటాన్లే."

బస్సులో ఆయన కన్ను మూసింది లేదు. పెట్రోలు దొరక్క అప్పట్లో బస్సులు బొగ్గు గ్యాసుతో నడిచేవి. కొంచెం ఎత్తు వచ్చినా మగవాళ్ళందరూ దిగి తొయ్యాలి. ఆయన తొయ్యని మిట్ట లేదు. కండువా మాత్రం కింద పడకుండా తలకి చుట్టుకున్నారు. ఒకచోట గంటన్నర ఆగిపోయాం. కండక్టరు నన్ను చూపించి, "కౌన్ లగ్తీ హై?" అని అడిగాడు, నీకేమవుతుందని. "బహన్" అన్నారు, చెల్లెలని, ఆలోచించకుండా. పాప ఒళ్ళు కాలుతోంది. నేను సూర్యుణ్ణి చూస్తూ కూర్చున్నాను.

మేము గుడి దగ్గరికి చేరేసరికి పన్నెండు దాటింది, తలుపులు మూసేశారు. మళ్ళీ నాలుగింటికి తీస్తామన్నారు.

ఆఖరి బస్సు మూడింటికి. ఆ వారం కాల్‌మన్ అన్న డ్యూటీ సాయంత్రం ఆరింటికి. పద్దెనిమిదేళ్ళలో ఆయన ఒక్కనాడు కూడా డ్యూటీకి తప్పలేదు. ఆ సంగతి లైన్లో అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

"పోదామన్నా, మూడింటి బస్సుకి" అన్నాను. నా నోరే అంది. కాళ్ళు కదల్లేదు.

"నీ కాయితంలో ఏటి రాసుంది సెల్లెమ్మా? దర్శనం ముందా, బస్సు ముందా?"

"దర్శనం."

"మరి సిగ్నల్ పడకుండా బండి కదుల్తాదేటి? కూకో."

ఒక విషయం దాచకుండా రాయాలి. వెళ్ళిపొమ్మని నేను ఆయనకి రెండోసారి చెప్పలేదు. మూడు అవుతుండగా దూరంగా బస్సు హారను వినిపించింది. ఇద్దరం విన్నాం. నేను పాప కాళ్ళకేసి చూస్తూ ఉండిపోయాను.

మర్నాడు పొద్దున్న ఎడ్లబండిలో బిలాస్‌పూర్ చేరాం. ఆ వారంలోనే ఆయన్ని కాల్ డ్యూటీ నుంచి తీసేసి షెడ్‌లో బూడిదగుంటకి వేశారు. ఇంజిన్ల కింద దిగి కాలే బూడిద లాగే పని. మావారు ఆఫీసుకి వెళ్ళి చెప్పబోతే ఆయనే ఆపారట. ఎక్కడికి వెళ్ళిందీ ఎందుకు వెళ్ళిందీ ఆయన ఎవరికీ చెప్పలేదు. చెబితే మావారి పేరు, నా పేరు వస్తాయి. నేను సిర్గిట్టి వెళ్ళి ఏడిస్తే, "పగటి డ్యూటీ సెల్లెమ్మా, రాత్రి సుబ్బరంగా నిద్దర. ఇప్పుడు లైన్లో ఆడోళ్ళెవరూ నన్ను తిట్టరు కూడాను" అన్నారు. రెండేళ్ళు తిరక్కుండా దగ్గు పట్టుకుంది. అయిదేళ్ళు ఆ దగ్గుతోనే పని చేశారు. బూడిద వల్లే అని డాక్టరు అనలేదు. అనకపోయినా నాకు తెలుసు.

పాప ఉంది. ఏడాది నిండింది. ఎనిమిదేళ్ళు నిండాయి. మొన్న ఆయన పోయారని విన్నాక దాన్ని సిర్గిట్టి తీసుకెళ్ళాను. ఆయన్ని పడుకోబెట్టిన చాప పక్కన అది నిలబడితే, ఆయన భార్య, నేను వదినా అని పిలిచే ఆవిడ, దాని తల మీద చెయ్యి వేసి "నీ గురించి రోజూ అడిగేవోరే" అంది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బావుండేది.

ఆ రోజు రతన్‌పూర్‌లో నాలుగున్నరకి తలుపులు తీశారు. జనం. మా వంతు వచ్చేసరికి అయిదు దాటింది. కండువా కొంగుకి ముడి వేసుకున్నాను. గడప మీద ఎర్రగుడ్డ పరిచి పాపని పడుకోబెట్టాను. అది ఏడవలేదు, దీపాలకేసి చూసింది. పూజారి ఎత్తి ఇచ్చేదాకా ఎంతసేపు పట్టిందో నేను చెప్పలేను. ఆ ఇద్దరు పిల్లల ముఖాలూ గుర్తుకొచ్చాయి. బయటికొచ్చి మెట్ల మీద కూలబడితే, కాల్‌మన్ అన్న పాపని నా చేతుల్లోంచి తీసుకుని, ముడి విప్పిన కండువా కప్పి భుజాన వేసుకున్నారు.

ఎండ వాలింది. ఆయన బిలాస్‌పూర్ దారి కేసి తిరిగి కూర్చున్నారు. ఎవరినో టైమడిగారు. ఆరయిందన్నారు. కాసేపటికి ఆయన పెదవులు కదలడం చూసి, జపం చేస్తున్నారేమో అనుకున్నాను. దగ్గరికి జరిగితే వినిపించింది. ఆ వేళకి తను పిలవవలసిన ఇళ్ళు, లైను వరసన, ఒక్కొక్కటే. "రెండో లైను నాలుగు... బాబూ, బండి కాసుకునుంది. రెండో లైను తొమ్మిది... బాబూ, బండి కాసుకునుంది." ఒక్కో ఇంటికీ మూడుసార్లు, మధ్యలో ఆగి ఆగి. పిలుపు పిలుపుకీ పాప వీపు మీద మెల్లగా తడుతున్నారు. మూడో లైనుకి వచ్చేసరికి పాప నిద్రపోయింది. ఆయన ఆపలేదు. అన్ని ఇళ్ళూ అయ్యేదాకా అలాగే తడుతూ, గొంతు బాగా తగ్గించి పిలుస్తూనే ఉన్నారు.