దేనిదో తెలియని స్విచ్

మా ఇంట్లో ప్రతి స్విచ్ పక్కనా అది దేనిదో రాసి చీటీ అంటించాను. హాల్లో ఒక్కదాని పక్కన మాత్రం ‘దేనిదో తెలియదు, ముట్టొద్దు’ అని ఉంటుంది. మొయినాబాద్‌లోని ఈ ఇంటి నుంచే కంపెనీ పని చేసుకునే మా కోడలు శ్వేత ఆ చీటీ చూసినప్పుడల్లా నవ్వుతుంది.

వాళ్ల కంపెనీ యాప్‌కూ స్విచ్‌లు ఉంటాయట. నల్లటి తెర మీద ఒక లైను టైపు చేస్తే ఒక సౌకర్యం మొదలవుతుంది, ఇంకో లైనుకు ఆగిపోతుంది. ‘తాత్కాలికం’ అనే పాత స్విచ్ ఒకటి ఏళ్లుగా ఉందట. అది దేనికో ఈ రోజు మీటింగులో ఎవరూ చెప్పలేకపోయారు కాబట్టి ఆపేయమన్నారు. శ్వేత ఆపింది. వెంటనే కస్టమర్ల ఫోన్లలో ఆర్డర్ బటన్ మాయమైంది.

“అత్తమ్మా, నా నౌకరి పోయినట్టే!” అంటూనే మళ్లీ ఆన్ చేసింది. బటన్ తిరిగి వచ్చాక వాళ్ల సారు ఫోన్ చేశాడు.

“ఏమన్నడే?” అని అడిగాను.

“ఇగ దాన్ని ఎవ్వరు ముట్టొద్దని పక్కన రాసిపెట్టమన్నడు.”

“మరి ఇప్పుడు నవ్వవేందే?”

అంతమంది ఇంజనీర్లు మీటింగు పెట్టుకుని చివరికి నా చీటీ దగ్గరికే వచ్చారు. మీ ఇంట్లోనూ అలాంటి స్విచ్ ఉంటే చెప్పండి. దేనిదో తెలుసుకుందామని మాత్రం నొక్కి చూడకండి.