రోజీకి పెట్టిన బాలింత పథ్యం

ఇంకాస్త దగ్గరికి జరిగి, గోడకు ఆనుకుని కూర్చోండి. ఇది నెమ్మదిగా చెప్పుకోవాల్సిన సంగతి. అరవై ఎనిమిదో సంవత్సరం, ఎండాకాలం. తెనాలిలో ఒక బియ్యం మిల్లు యజమాని ఇల్లు. బాలింతలకు నీళ్లు పోయడం, పసిపిల్లల్ని కాళ్ల మీద వేసుకుని లాల పోయడం నా పని. ఆ ఇంట్లో ముగ్గురు పిల్లలు నా చేతుల్లోనే పెరిగారు. వాళ్లు పెద్దవాళ్లయ్యాక అమ్మగారు మద్రాసు నుంచి రోజీని తెప్పించుకుని, దాన్నీ నాకే అప్పగించారు.

రోజీ పామరేనియన్ కుక్క. తెల్లటి బొచ్చు, నక్క మూతి. రోజూ దువ్వకపోతే బొచ్చు ఉండలు కట్టి కింద చర్మం పాడవుతుంది. ఎండకు ఆగలేదు. అందుకని తడిపిన గోనెపట్టా మీద పడుకోబెట్టేదాన్ని. మిల్లులో కర్రి అని ఇంకొకటి ఉండేది. అది క్రాసు కుక్క, అంటే రెండు జాతులు కలిసి పుట్టింది. తల్లి రేపల్లె పడవల దగ్గర తిరిగే ఊరకుక్క, తండ్రి ఏదో సీమజాతి. ధాన్యం బళ్ల వెంట వచ్చి మిల్లులో ఉండిపోయింది. దానికి దువ్వెనా లేదు, పట్టా లేదు. ఊకబస్తాల నీడలో పడుకునేది, ఎడ్లతొట్టిలో నీళ్లు తాగేది, కూలీలు పడేసిన ఎండుచేప తలలు తినేది.

రెండూ ఒకే వారంలో ఈనాయి. కర్రికి అయిదు, రోజీకి రెండే. సొంత కూతురు పురిటికి వచ్చినంత హడావిడి చేశారు అమ్మగారు. నేనూ తక్కువ చేయలేదు. పాత చీర పరిచి, గదికి తెర కట్టి, బాలింతకు చేసినట్టే శొంఠి, మిరియాలు, బెల్లం కలిపి కాయం చేసి పెట్టాను, నేతి అన్నం పెట్టాను. నీళ్లు మాత్రం పొద్దున గుక్కెడు, సాయంత్రం గుక్కెడు. బాలింత నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుందని, జలుబు చేస్తుందని అప్పట్లో అందరిళ్లలోనూ అంతే. రోజీ నా చేతులు నాకుతుంటే ప్రేమ అనుకున్నాను. చేతి తడి కోసమని తోచలేదు.

నాలుగో రోజు ఒక పిల్ల చచ్చిపోయింది. రెండోది ఏడవడం కూడా మానేసింది. రిక్షా ఎక్కి తల్లినీ పిల్లనీ పశువుల డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన రోజీ మెడ మీది చర్మం పట్టి లాగి వదిలారు. అది సర్దుకోకుండా ముడతలాగే నిలబడింది. దీన్ని డీహైడ్రేషన్ అంటారు, ఒంట్లో నీరు ఇంకిపోవడం.

“ఏం పెడుతున్నావమ్మా దీనికి?”

“బాలింత పథ్యమేనండి.”

“మరి నీళ్లో?”

చెప్పాను. ఆయన కళ్లజోడు తీసేశారు. “ఎవరు నేర్పారు నీకీ వైద్యం?”

“మా అమ్మండి. నా పురిట్లోనూ అంతేనండి.”

“మరి నీకు పాలెలా పడ్డాయి?”

తల వంచుకున్నాను. “మా అమ్మ అటు తిరగ్గానే కడవలో ముంచుకుని తాగేదాన్నండి.”

“అదీ సంగతి! నువ్వు దొంగతనంగా తాగావు. దీనికి చెంబెత్తడం రాదాయె.”

రోజీకి సెలైన్ ఎక్కించారు. మళ్లీ పాలు పడడానికి రెండు రోజులన్నా పడుతుందని, ఈలోగా పాలిచ్చే కుక్క ఏదైనా దొరికితేనే పిల్ల బతుకుతుందని చెప్పారు. వెంటనే నాకు కర్రి గుర్తొచ్చింది.

అమ్మగారు ఒప్పుకోలేదు. “ఏంటే వెంకమ్మా, జాతికుక్క పిల్లని తీసుకెళ్లి ఆ మిల్లుకుక్క కింద పెడతావా? దాని పాలు తాగితే జాతి పోదూ?”

“అమ్మగారూ, పెద్దబాబు ఎవరి పాలు తాగాడండి?”

అమ్మగారికి మొదటి కాన్పులో పాలు పడలేదు. పెద్దబాబుకి ఎనిమిది నెలలు నా పాలే. పద్దెనిమిదేళ్లుగా ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అన్నాక భయమేసింది. ఆవిడ నా వంక చూశారు. ఇంటికి రాగానే పిల్లని పమిట చెంగులో చుట్టుకుని తనే మిల్లులోకి నడిచారు.

తల్లికుక్క పరాయి పిల్లని వాసనతో కనిపెడుతుంది. అందుకని కర్రి పిల్లలు పడుకున్న గోనెపీలికతో రోజీ పిల్లని ఒళ్లంతా రుద్దాను. కర్రి పాలే రెండు చుక్కలు పిండి దాని మూతికి రాశాను. కర్రి వాసన చూసి గుర్రుమంది. అమ్మగారు నా భుజం గట్టిగా పట్టుకున్నారు. కర్రి మళ్లీ వాసన చూసింది. ఈసారి పిల్లని తల నుంచి తోక దాకా నాకి, పొట్ట కిందికి లాక్కుంది. అయిదు నల్లవాటి మధ్య ఆ తెల్లది మెల్లగా చప్పరించడం మొదలుపెట్టింది.

“తాగుతోందే వెంకమ్మా!” అన్నారు అమ్మగారు. పక్కనున్న ఊకబస్తా మీద కూర్చున్నారు. కాసేపటికి కాస్త పక్కకు జరిగి, “నువ్వూ కూర్చో,” అన్నారు. ఆవిడ పక్కన కూర్చోవడం నాకదే మొదలు.

ఆ పిల్ల బతికింది, రోజీ కూడా తేరుకుంది. ఆ తర్వాత బాపట్ల నుంచి కూడా కుక్క ఈనిందంటే నాకు కబురొచ్చేది. జాతికుక్కకి దువ్వెన కావాలి, నీడ కావాలి. క్రాసు కుక్క మన పొరపాట్లు చాలావరకు ఓర్చుకుంటుంది, అలాగని దాన్ని పట్టించుకోనక్కర్లేదని కాదు. దాహం మాత్రం రెండింటికీ ఒకటే.

మరుసటేడు మా అమ్మాయి పురిటికొచ్చింది, పెద్దబాబుతో పాటు నా పాలు తాగిన పిల్లే. దాని మంచం పక్కన నిండు కడవ పెట్టాను. “పిల్లని చంపుతావా ఏంటే?” అని గుమ్మంలోంచి అరిచింది మా అమ్మ. “నువ్వు తాగవే తల్లీ, కడుపు నిండా తాగు,” అన్నాను నేను.

మీ ఇంట కన్నతల్లులు చల్లగా ఉండాలి. మీ గుమ్మంలో తోకాడించే ప్రాణంతో సహా ఎవరి నోరూ ఎండకుండా ఉండాలి.