రక్తం వస్తోందమ్మా అన్నారు

సహోదరులారా, అక్కలారా, ఈ మైకు ముందు నిలబడి నా పేరు కరుణ అని నా నోటితో నేను చెప్పుకోవడమే దేవుడు చేసిన గొప్ప కార్యం, ఎందుకంటే ఆ పేరు కూడా పలకలేక, ఎదురుగా కన్నతల్లి ఏడుస్తుంటే "అమ్మా" అని పిలవలేక మంచం మీద పడి ఉన్నదాన్ని నేను! నాకు నోరెక్కువని మీ అందరికీ తెలుసు, అయినా ఇవాళ నన్ను ఆపకండి, పోయి తిరిగొచ్చిన నోరు ఇది.

కొల్లేరులో చేపల చెరువుల గట్లు ప్రభుత్వంవాళ్ళు కొట్టేసిన మరుసటి ఏడాది అది. చెరువు మీద పని పోయి నాన్న దిగులుగా కూర్చునేవారు, నేను తాడేపల్లిగూడెంలో ఒక చిన్న స్కూల్లో టీచరుగా చేరి అక్కడే గది తీసుకుని ఉండేదాన్ని, ఆదివారం ఇంటికొచ్చి ఆరాధనలో పాటలు పాడి, సోమవారం పొద్దున్నే అన్నయ్య బండి మీద ఏలూరు స్టేషనుకి వెళ్ళి రైలెక్కేదాన్ని. అలా వెళ్తుండగా ఒక సోమవారం గట్టు రోడ్డు మీద నా చున్నీ వెనక చక్రంలో చుట్టుకుని మెడని ఒక్క లాగు లాగింది. కిందపడ్డాను. అన్నయ్య చున్నీ చింపి నన్ను విడిపించాడు. మెడ చుట్టూ ఎర్రటి గీత తప్ప ఇంకేం కనిపించలేదు, దేవుడు కాపాడాడనుకుని బట్టలు దులుపుకుని రైలెక్కేశాను.

లోపల ఏం జరిగిందో మాకేం తెలుసండీ! మెదడుకి రక్తం తీసుకెళ్ళే పెద్ద నాళం మెడలో ఉంటుందట, ఆ లాగుడికి ఎడమ పక్క నాళం లోపలి పొర చిరిగి, అక్కడ రక్తం గడ్డకట్టి, దారి మూసుకుపోతూ వచ్చిందట. ఇదంతా తర్వాత డాక్టరుగారు చెప్పిన సంగతి. నాకు తెలిసిందల్లా మెడనొప్పీ తలనొప్పీ, వాటితోనే పాఠాలు చెప్పుకుంటూ వచ్చాను. ఆ వారంలోనే ఒకరోజు హాజరు పిలుస్తుంటే తర్వాతి పేరు కళ్ళ ముందే ఉంది, నోట్లోంచి మాత్రం రాదు. చేతిలో పెన్ను జారిపోయింది. టీచరు వేళాకోళం చేస్తోందనుకుని పిల్లలు నవ్వారు, ఆ నవ్వుల మధ్యే నేను కుర్చీలోంచి పక్కకి ఒరిగిపోయాను.

స్కూలువాళ్ళు కారులో ఏలూరు ఆసుపత్రికి చేర్చారు, అమ్మా నాన్నా అన్నయ్యా పరుగున వచ్చారు. కుడి చెయ్యి, కుడి కాలు నావి కానట్టే పడి ఉన్నాయి. అన్నీ వినిపిస్తున్నాయి, అన్నీ అర్థమవుతున్నాయి, జవాబు మాత్రం గొంతు దాటదు. అంతకన్నా చీకటి ఏముంటుందండీ!

డాక్టరుగారు నన్ను స్కానింగ్ గదికి తీసుకురమ్మన్నారు. స్కానింగంటే కడుపుతో ఉన్నవాళ్ళకే అనుకునే మా అమ్మ, "పెళ్ళికాని పిల్లకి స్కానింగేంటండీ" అని గుమ్మం దగ్గర అడ్డం పడింది కూడా! ఆమెని బయటే ఉంచి, చల్లటి జెల్లీ పూసి ముందు నా మెడ మీద, తర్వాత కణత మీద చిన్న పరికరం ఆనించారు. మిషనులోంచి హుష్, హుష్ అని చప్పుడు, చెరువుకి నీళ్ళు పెట్టినప్పుడు తూములో వినిపించే చప్పుడులాగే ఉంది. "మెడలో దారి బాగా సన్నబడిందమ్మా, అయినా రెండో పక్కనుంచి మెదడుకి రక్తం అందుతోంది, మందులతో బాగుపడతావు" అన్నారు డాక్టరుగారు. నా ప్రాణం లేచొచ్చింది.

ఇంతలో ఆయనకి వేరే వార్డు నుంచి పిలుపొచ్చింది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర మా అమ్మతో, "పక్కనుంచి మెదడులోకి రక్తం వస్తోందమ్మా, మందులు మొదలెడుతున్నాం" అని హడావుడిగా వెళ్ళిపోయారు.

సహోదరులారా, ఆ మాట అమ్మ చెవికి ఎలా వినపడిందో చెప్పాలి. మా మేనమామ లారీ మీంచి పడినప్పుడు డాక్టర్లు అన్న మాట కూడా అదే, మెదడులోకి రక్తం వచ్చిందని. ఇక లాభం లేదని ఇంటికి తెస్తుంటే ఆయన దారిలోనే, జీపులోనే పోయారు. తమ్ముడు రోడ్డు మీద పోయాడన్న దుఃఖం అమ్మకి ఏనాడూ తీరలేదు. అందుకే అక్కడే కూలబడి, "అయ్యో, నా తల్లికి కూడా మెదడులోకి రక్తం వచ్చేసిందంటండీ" అని గుండెలు బాదుకుంది. నాన్న నా బట్టలు సంచిలో సర్దడం మొదలెట్టారు. ఊపిరుండగానే ఇంటికి చేర్చాలని అమ్మ అన్నయ్యని జీపు మాట్లాడటానికి పంపింది. మందు ఎక్కించకుండా ఆ జీపులో పడుకోబెడితే నేను ఏమైపోయేదాన్నో ఆ దేవుడికే తెలుసు!

మంచం మీద ఇదంతా వింటున్నాను. మనసులోనే అరిచాను. "ప్రభువా, అది మంచి కబురయ్యా, వీళ్ళకి తెలియట్లేదు, నాకు మాట రావట్లేదు, ఈ నోరు నువ్విచ్చిందే కదా, ఒక్కసారి తిరిగివ్వు తండ్రీ!"

అమ్మ నా మీదకి వంగి, "ఇంటికెళ్ళిపోదామా కరుణమ్మా?" అంది. వద్దు అనడానికి ఉన్న బలమంతా కూడగట్టుకున్నాను. నోట్లోంచి వచ్చింది, "స్తోత్రం!"

"చూశారా, దానికి ప్రభువు కనిపిస్తున్నాడండీ" అని అమ్మ ఇంకా ఏడ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది! కాదే అమ్మా అనబోతే స్తోత్రం, జీపు వద్దు అనబోతే స్తోత్రం. అంత కోపంగా దేవుణ్ణి స్తుతించినవాళ్ళు లోకంలో ఎవరూ ఉండరేమో! పక్క మంచాలవాళ్ళు లేచి చేతులు జోడించారు. చిన్నప్పటినుంచీ ప్రార్థనలో పలికి పలికి అలవాటైన మాట, మిగతావన్నీ పోయినా అలాంటివి కొందరికి మిగులుతాయని తర్వాత తెలిసింది. నా మట్టుకు నాకు అది ప్రభువు నా కోసం దాచి ఉంచిన మాటే.

"ఎవరండీ ఆ అరిచేది" అని కసురుతూ వచ్చిన నర్సమ్మ నన్ను చూసి ఆగిపోయింది. "మాట పడిపోయిన పేషెంటు కదండీ ఈవిడ!" అంటూ పరుగెత్తి డాక్టరుగారిని తీసుకొచ్చింది.

"మాటొచ్చిందా, మంచిది. మరి ఈ సర్దుకోవడం ఏంటండీ?" అన్నారాయన.

"మీరే అన్నారు గదండీ బాబూ, మెదడులోకి రక్తం వచ్చిందని. నా బిడ్డ రోడ్డు మీద పోకూడదండీ."

డాక్టరుగారు అమ్మ పక్కనే కూర్చుండిపోయారు. "అయ్యో, నేను సరిగ్గా చెప్పాల్సిందమ్మా. అది రావాల్సిన రక్తమే. రాకపోతే భయపడాలి గానీ వస్తుంటే ఎందుకండీ?"

అమ్మ నమ్మలేదు. అప్పుడాయన మమ్మల్నిద్దరినీ మళ్ళీ ఆ గదికి తీసుకెళ్ళి, పరికరం నా కణతకి ఆనించి, చప్పుడు పెద్దది చేశారు. "వినండమ్మా."

హుష్, హుష్.

"ఇది నా బిడ్డ రక్తమాండీ?"

"అవునండీ. ఇప్పుడు, ఈ నిమిషాన పారుతున్నది."

అమ్మ అక్కడే నేల మీద మోకరించింది. "వింటున్నానయ్యా ప్రభువా, వింటున్నాను" అన్న ఒక్క మాట తప్ప ఇంకే ప్రార్థనా రాలేదు ఆమెకి.

జీపు వెనక్కి పోయింది, మందులు మొదలయ్యాయి. నెలల తరబడి అదే మిషనుతో చూస్తూ వచ్చారు, సన్నబడిన దారి మెల్లగా విచ్చుకుంది. నాకు మాటకన్నా ముందు పాట వచ్చింది, ఈ సంఘంలోనే మీతో కలిసి పాడుతుంటే పదాలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. చెయ్యి ఇప్పటికీ కాస్త బరువే, సుద్దముక్క మాత్రం పట్టుకుంటోంది. వైద్యం చేసిన చేతులకి వందనాలు, దేవునికే మహిమ!

ఒక కఠినమైన మాట విని, ఇక అంతే అనుకుని కుమిలిపోతున్నవాళ్ళు మీలో ఉంటే, ప్రభువుని నమ్మండి, డాక్టరుగారిని ఇంకోసారి అడగండి, రెండూ చెయ్యండి. మూగనోటి మొర ఆలకించినవాడు మీ మొర వినడా!

ఈ సాక్ష్యం ఇంతకాలం చెప్పలేదెందుకంటే మా అమ్మ వద్దంది. "నా చేతులారా నిన్ను చంపుకునేదాన్ని, పదిమందిలో ఎందుకే ఆ మాట" అంటుంది. ఇప్పుడు కూడా గుమ్మం దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది చూడండి. అమ్మా, ఆ రోజు నాకు మాట లేక నీకు చెప్పలేకపోయాను, అందరి ముందూ ఇప్పుడు చెబుతున్నాను. నేను పరాయి చోట పోకూడదని పిలిచావు నువ్వు ఆ జీపుని. నీ మీద అరిచానే గానీ, నువ్వు నన్ను వదిలేస్తున్నావని ఒక్క క్షణం కూడా అనుకోలేదే అమ్మా. లేచి రా, నా పక్కన నిలబడు.