మూసిన క్యాంపుకు వార్డెనమ్మ

వార్డెనమ్మ పోయినాదంట. పోయిన వారం పత్తికొండ ఆసుపత్రిలో నేను డ్యూటీలో ఉంటే, నాతోపాటు క్యాంపులో చదివిన పిల్ల ఫోన్ చేసి చెప్పింది. ఇంకా శానా ఏండ్లు ఉంటాదనుకొంటి. మొండిది కదా.

మీకు సీడుపత్తి, అంటే విత్తనాల కోసం ఏసే పత్తి చేను తెలుసో లేదో. సాయంత్రం మొగ్గ వలిచి, మర్నాడు పొద్దున మగపువ్వు తెచ్చి దానికి రుద్దాల. క్రాసింగ్ అంటారు. ఆ పనికి ఆడపిల్లల సన్న వేళ్ళే కావాలంటారు రైతులు. పెద్దోళ్ళకైతే కూలి ఎక్కువియ్యాల, ఆ మాట మటుకు చెప్పరు. మందు కొట్టిన చేలో నిలబడి నిలబడి మాకు ఒకటే తలనొప్పి. అట్లాంటి పిల్లల్ని బడికి తేవాలని, బయటి దేశమోళ్ళ సాయంతో ఓర్వకల్లు దగ్గర ఆడనే ఉండి చదువుకొనే క్యాంపు ఒకటి పెట్టినారు. గేటు మీద బోర్డులో ‘బాలికల సాధికారత’ అని రాసింటే, అంటే ఏందని అడిగినా. ‘ముందు బువ్వ తిను, సాధికారత తర్వాత వస్తాది’ అనింది వార్డెనమ్మ.

శానా తిట్టేది. పేలు చూస్తానని తల ఒళ్ళో పెట్టుకొని ఇంటి సంగతులన్నీ లాగేది. ఏ పిల్లకు యాడ సంబంధం చూస్తాండారో ఆ పిల్ల కంటే ముందు ఆమెకే తెలిసేది. రెండు పెండ్లిళ్ళు అట్లనే ఆపింది.

నేను పదో తరగతి పరీక్ష రాయాల్సిన ఏడు, ఆ దేశంలో ఏమయ్యిందో ఏమో, సాయం ఆపేసినారు. ఆమె మాకు చెప్పలేదు. పప్పు నీళ్ళయితే మేమే కనుక్కొన్నాం. టీచర్లు ఒకరెంట ఒకరు పోయినారు. ఈమె మటుకు పొదుపు సంఘం ఆడోళ్ళ ఇండ్లు తిరిగి బియ్యం అడిగి తెచ్చేది.

అప్పుడే క్రాసింగ్ మొదలయింది. ఒక పొద్దున రైతు ఆటో ఏసుకొని మా నాయనతో వచ్చినాడు. నన్ను పంపుతానని నాయన మాటిచ్చినాడంట. ఆ ఆటో ఎక్కితే నాకు ఇంక ఏ ఏడూ పరీక్ష లేదు. ఎక్కిన అక్కలను చూసినా కదా. తలుపు ఎనక నిలబడి వింటాంటి.

‘క్యాంపు మూసేసినారంట కదమ్మా, నా బిడ్డను పంపు’ అన్నాడు నాయన.

‘మూసింది వాళ్ళు. నేను యాడ మూసినాను?’

నీకు జీతమే లేదు, ఆపేదానికి నువ్వెవరని రైతు గొంతు పెంచినాడు. నిజమే, ఆమెకు ఏ అధికారమూ లేదు. ఆమె నన్ను బయటికి పిలిచింది. ‘ఏమప్పా, నీ బిడ్డ ఈడే ఉండాది. అడుగు. వస్తానంటే నేనే ఆటో ఎక్కిస్తా.’

ఎంత కోపమొచ్చిందో నాకు. నన్ను వదిలేసిందనుకొన్నా. నాయన అడిగినాడు. ఏడుపొచ్చింది గానీ మాట రాలేదు. ఇంకేముంది, ఎక్కు అన్నాడు రైతు.

‘జవాబు రాలేదు కదా. వచ్చేదాకా కూచుందాం’ అని ఆమె గడప మీద కూచొని బియ్యంలో రాళ్ళు ఏరుకుంటా ఉండిపోయింది. నా దిక్కు చూడను కూడా లేదు.

ఎండ ఎక్కుతాండాది. ఆలస్యమైతే పువ్వు పనికిరాదు. రైతు ఆటో చుట్టూ తిరిగి తిరిగి, నాయనను నాలుగు తిట్టి, ఇంకో ఊరికి పిల్లల కోసం పోయినాడు. ఆ పొద్దు నా బదులు ఎవరు ఎక్కినారో అని ఇప్పటికీ అనుకొంటాంటా. నాయన మటుకు కదల్లేదు. అప్పటిదాకా నా చుట్టూ అందరికీ తొందరే. రైతుకు పువ్వు తొందర, ఇంట్లో పెండ్లి తొందర. నా నోట్లోంచి వచ్చే ఒక మాట కోసం మనుషులు అంతసేపు కూచునింది అదే మొదలు.

ఎప్పటికో అన్నా. ‘నేను రాను నాయనా. పరీక్ష రాస్తా.’

నాయన లేచి తువ్వాలు దులిపి భుజాన ఏసుకొన్నాడు. ఇంట్లో ఎవరికీ చెప్పిపోయే అలవాటు లేని మనిషి. గేటు దాకా పోయి, తిరిగి నన్ను చూసి, ‘పొయ్యొస్తానమ్మా’ అన్నాడు.

వార్డెనమ్మ చాట పక్కన పెట్టి వచ్చి నా ఎనక నిలబడింది. ఆటో లేదు కదా, నాయన చేలగట్టు మీద ఒక్కడే నడిచి పోతాండాడు. రెండు పక్కలా పత్తిపువ్వులు విచ్చుకొని ఉండాయి. వాటిని ముట్టేవాళ్ళు ఎవరూ లేరు.