పాలలో దిగిన రంగు

నగర్తపేట వెనక సందులో మా నాన్న నలభై ఏళ్లు పట్టుకు రంగులద్దాడు. గంగాళాలు అమ్మేసి ఇంట్లో కూర్చున్నాక కూడా నూలు అంగడాయన ప్రతి ఆదివారం పట్టుపోగుల కట్టలు, చిలపలు, రెండు మూడు సంచిలో వేసుకుని వచ్చేవాడు. ఏ రంగు నిలుస్తుంది, ఏది ఉతికితే దిగిపోతుంది అని అడగడానికి. నాన్న కిటికీ దగ్గరికి వెళ్లి, ఒక పోగును వేడినీళ్లలో ముంచి, తెల్లగుడ్డలో పిండి చూసి చెప్పేవాడు. ఆ కాసేపటి కోసం పొద్దున్నే గడ్డం గీసుకునేవాడు. ఆయనకు మిగిలిన మర్యాదంతా అదే. దాన్ని తీసేసింది నేను, ఒక బ్రెడ్డు ముక్క దగ్గర.

నాన్నకు షుగరు. మైదా మానేయమని డాక్టరమ్మ చెప్పింది. పొద్దున పాలలో తెల్ల బ్రెడ్డు ముంచుకుని తినడం ఆయనకు ఎన్నేళ్లుగానో అలవాటు. నేను ఆ పూటే బేకరీకి వెళ్లి బ్రౌన్ బ్రెడ్డు తెచ్చాను. ఇంట్లో మిగిలిన తెల్ల బ్రెడ్డును ఆయన చూస్తుండగా చెత్తబుట్టలో వేశాను. పనావిడకు ఇచ్చి ఉండొచ్చు. ఆయన చూడాలనే ఇవ్వలేదు. నాకు నోరెక్కువ, ఓపిక తక్కువ. నాన్న ఒళ్లు బాగుచేస్తున్నానన్న సాకు దొరికాక ఇక నన్ను ఆపేవాళ్లు లేకపోయారు.

ఆ ఆదివారం అంగడాయన కూర్చుని ఉండగా నాన్న పాలగ్లాసు ఎత్తి వెలుతురుకు పెట్టి చూశాడు. తడిసిన ముక్కను భుజం మీది తెల్ల తువ్వాలులో పిండి నా ముందు పరిచాడు.

"మ్మే, ఇది రంగు దిగతా ఉండాది చూడు. గోధుమ ఇట్ల దిగదు. దీంట్లో ఏందో కలిపినారు."

నాకు కనిపించింది మరకపడ్డ తువ్వాలొక్కటే. ఒంటికాలి మీద లేచాను. తెల్ల బ్రెడ్డు కోసం ఇన్ని నాటకాలా అన్నాను. గోధుమ చపాతీ కూడా ఆ రంగే కదా, దానికీ ఎవరైనా రంగు అద్దారా అని అడిగాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. అంగడాయన వైపు తిరిగాను.

"మా నాయనకు కండ్లు పోయినాయప్పా. బ్రెడ్డులో కూడా రంగులు కనిపిస్తా ఉండాయి. ఈయన మాట పట్టుకుని చీరలు నేయించినారంటే మునిగిపోతారు."

అంగడాయన మొహమాటంగా నవ్వి, సంచి విప్పకుండానే లేచాడు. నాన్న తువ్వాలు మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. తరవాతి ఆదివారం గడ్డం గీసుకుని వాకిట్లో కూర్చున్నాడు. ఆ పై ఆదివారం కూడా. అంగడాయన రాలేదు. మూడో వారం నాన్న గడ్డం గీసుకోలేదు.

షుగరు మాత్రం తగ్గలేదు. దొంగచాటుగా మిఠాయి తింటున్నాడని దిండు కింద, బీరువా వెనక, చివరికి ఆయన వేసుకున్న చొక్కా జేబుల్లో కూడా వెతికాను. చేతులు పైకెత్తి నిలబడి వెతికించుకున్నాడు ఆ మనిషి. ఏమీ దొరకనందుకు నాకు ఇంకా ఒళ్లు మండింది.

ఒకరోజు ఆఫీసుకు సెలవు పెట్టి, ఎప్పుడూ లేనిది మధ్యాహ్నం బేకరీకి వెళ్లాను. లోపల మాస్టరు పిండి కలుపుతున్నాడు. ఒకటే మైదా ముద్ద. అందులో సగం తీసి పక్కన పెట్టి, సీసాలోంచి నల్లటి పాకం పోసి పిసికాడు. అదేమిటని కన్నడంలో అడిగాను. మాడబెట్టిన చక్కెర అన్నాడు, అందులో దాచడానికేముంది అన్నట్టు. అచ్చం గోధుమపిండితో చేస్తే గట్టిగా వస్తుందట, ఎవరూ కొనరట. అందరికీ కావలసింది రంగేనట.

ఇన్ని నెలలుగా నేను నాన్నకు బలవంతంగా తినిపించింది ఆ మైదానే, పైగా చక్కెర కలిపి. ఉన్నదున్నట్టు చెబుతాను: ఆయన ఒంటికి ఏం చేశానన్నది నాకు ముందు తట్టలేదు. ఈ సంగతి తెలిస్తే ఆయన ముందు తలెత్తుకుని ఎలా తిరగాలన్నదే తట్టింది. బ్రౌన్ బ్రెడ్డు ఒకటి కట్టివ్వమన్నాను. ఇంటికొచ్చి ఎప్పటిలాగే కోసిపెట్టాను.

ఆ ఆదివారం పొద్దున, చాలా నెలల తరవాత, అంగడాయన వచ్చాడు. కొత్త అద్దకంవాళ్ల దగ్గర్నుంచి రెండు ఎర్ర చిలపలు తెచ్చాడు. పెళ్లిచీరకట. ఏది నిలుస్తుందో తేల్చుకోలేక, మొహమాటం చంపుకుని వచ్చానన్నాడు. నాన్న పాలగ్లాసు పక్కన పెట్టి రెండు చిలపలూ చేతుల్లోకి తీసుకున్నాడు. వేళ్ల మధ్య నలిపాడు. కిటికీ వైపు ఒక అడుగు వేసి ఆగిపోయాడు. వెనక్కి తిరిగి రెండింటినీ నా రెండు చేతుల్లో పెట్టాడు.

"నా కండ్లు పోయినాయప్పా. మా బిడ్డనడుగు, అది సరిగ్గా చెప్తాది."

అది ఎత్తిపొడుపు అయివుంటే నేను బతికిపోయేదాన్ని. కాదు. నేనన్న మాటను ఆయన నిజంగానే నమ్మేశాడు. నోరు విప్పి ఒక్క మాట చెబితే చాలు, ఆయన కళ్లు ఆయనకు తిరిగి వచ్చేవి. ఇద్దరూ నా ముఖం చూస్తున్నారు. నా కళ్లకు రెండూ ఒకే ఎరుపు. ఎడమచేతిలోది ఇచ్చాను.

అంగడాయన దాన్ని సంచిలో పెట్టుకుని వెళ్లాడు. నాన్న మళ్లీ గ్లాసు ముందు కూర్చున్నాడు. పాలు ఎర్రమట్టి కలిసినట్టున్నాయి. ఆయన వాటిని చూస్తున్నాడు. మిగల్చకుండా తాగెయ్యమన్నాను. తాగేశాడు.