దద్దమ్మల జట్టు

విజిల్ మాస్టారు ముప్ఫయ్యేళ్లు బడిలో డ్రిల్లు చెప్పి రిటైరయ్యాడు. క్రికెట్ నేర్పడంలో దిట్టే గానీ, ఆ నేర్పడంలో ముప్పావువంతు తిట్లే. మెళ్లో విజిల్ ఎప్పుడూ వేలాడేది, ఊదిన దాఖలాలు మాత్రం తక్కువ. ఆయన నోరు చాలు, వీధి చివరిదాకా వినబడేది.

రిటైరయ్యాక ఆ నోరంతా ఇంటిమీద పడింది. కుక్కరు కూతల నుంచి తలుపు గడియ దాకా అన్నిటికీ వ్యాఖ్యానమే. కూతురు చూసి చూసి, వేరే దేశాల బళ్లకు ఆటలు నేర్పేవాళ్లను పంపే సంస్థలో తండ్రి పేరు రాయించింది. జీతం లేదు, తిండీ గదీ వాళ్లవే.

"భాష రాని పిల్లలకి నేనేం చెప్పనే?" అన్నాడాయన.

"వెళ్లండి, మీ నోటికీ మా చెవులకీ కాస్త విశ్రాంతి," అంది భార్య, బట్టలు పెట్టెలో సర్దుతూ.

ఆయన్ని పంపిన పరాయిదేశపు బడి రెండంతస్తుల ఇటుక కట్టడం. నడవాలో కొక్కేలకు తడి కోట్లు వేలాడుతుండేవి. వెనక మైదానం సగం గడ్డి, సగం కంకర. పిల్లలు బ్యాటును చూడటం అదే మొదటిసారి. పడవ తెడ్డులా పట్టుకున్నారు. ఇంగ్లీషు వచ్చిన లెక్కల టీచరు పక్కన నిలబడి ఈయన మాటలు వాళ్ల భాషలోకి మార్చేది. ఈయన నిమిషంపాటు గర్జిస్తే, ఆవిడ మెల్లగా మూడు ముక్కలు చెప్పి ఊరుకునేది.

"ఏం చెప్పారండీ?"

"మోచెయ్యి పైకెత్తమన్నాను. మీరన్నది అదేగా?"

అదే మరి. మిగతాదంతా తాలు.

ఒకరోజు టీచరు కోటు తెచ్చుకోవడానికి లోపలికెళ్లింది. అప్పుడే, జట్టులో అందరికన్నా పొడుగైన పిల్ల, చేతుల్లోకొచ్చిన బంతిని జారవిడిచింది. మాస్టారికి పాత అలవాటు తన్నుకొచ్చింది.

"ఒసేయ్ దద్దమ్మా!"

ఆ పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చి, ఆ మాటకు అర్థమేమిటని సైగ చేసింది. కొత్త మాట దొరికిందని మొహం వెలిగిపోతోంది. ఆ మొహం చూశాక ఆయన నాలుక మడతపడింది.

"అంటే... గుడ్ ప్లేయర్," అన్నాడు.

ఇంకేముంది, ఆ మాట బడంతా పాకింది. ఎవడు బంతిని గట్టిగా కొట్టినా "దద్దమ్మా!" అని కేకలు. కళ్లజోడు కుర్రాడొకడు వికెట్ పడగొట్టి, ఆశగా మాస్టారి వైపు చూస్తూ నిలబడ్డాడు. ఏం చేస్తాడు? "దద్దమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. వాడు గాల్లో ఎగిరాడు.

పక్క బడితో మ్యాచ్ కుదిరింది. పిల్లలు తెల్ల చొక్కాలూ నల్లరంగు డబ్బా పట్టుకొచ్చి, తమ జట్టుకు పెట్టుకున్న 'దద్దమ్మ' పేరును వీపుమీద ఆయన లిపిలో రాయమన్నారు. రేపు రాస్తానని తప్పించుకుని, గదికెళ్లి భార్యకు ఫోన్ చేశాడు.

"నవ్వకు," అన్నాడు అంతా చెప్పి.

"నవ్వట్లేదండీ," అంది ఆవిడ, నవ్వు ఆపుకుంటూనే. తర్వాత నిజంగానే ఆగింది. "ఆ మాట ఎంతమంది పిల్లల్ని అన్నారో. నన్నూ అన్నారు. మాకు అర్థం తెలుసు కాబట్టి, మీ నోరే అంత అని సరిపెట్టుకున్నాం. పాపం వాళ్లకి తెలీదు. తెలియనివాళ్ల వీపుమీద రాస్తే ఎలా?"

మర్నాడు పిల్లల్ని గడ్డిమీద కూర్చోబెట్టి, ఉన్నదున్నట్టు చెప్పాడు. లెక్కల టీచరు మొదటిసారి ఒక్క ముక్క కూడా వదలకుండా వాళ్ల భాషలో చెప్పింది. వినగానే పిల్లలు పొట్టలు పట్టుకుని దొర్లారు. పొడుగుపిల్ల మాత్రం నవ్వలేదు. ఏదో అడిగింది.

"ఆ రోజు తనని తిట్టారా అంటోంది," అంది టీచరు.

"తిట్టాను. తప్పయిపోయిందమ్మా."

ఆ పిల్ల లేచి బ్యాటు తీసుకుంది. మైదానం ఆ చివరికెళ్లి నిలబడమని మాస్టారికి వేలు చూపించింది. బంతిని ఆకాశంలోకి లేపింది. ఆయన మోకాళ్లు కలుక్కుమంటున్నా వెనక్కి పరుగెత్తాడు. బంతి అరచేతుల్లో పడి, జారి, కంకరమీద దొర్లింది.

"దద్దమ్మా!" పిల్లలందరిదీ ఒకటే గొంతు.

రెండోదీ జారింది. మూడోదాన్ని గుండెకు హత్తుకుని, అలాగే కూలబడ్డాడు. ఆ పిల్ల వచ్చి చెయ్యిచ్చి లేపింది. నవ్వుతోంది.

పేరు మార్చుదామంటే పిల్లలు ససేమిరా అన్నారు. కాకపోతే పొడుగుపిల్ల ఒక షరతు పెట్టింది: మొదట మాస్టారి వీపుమీదే రాయాలి, తనే రాస్తుంది. ఆయన కాగితంమీద రాసిచ్చిన అక్షరాలు చూసి రాసింది. అక్షరం కింది వత్తొకటి బోర్లా పడింది. ఆయన దిద్దలేదు.

మ్యాచ్ చిత్తుగా ఓడిపోయారు. అయినా వీళ్ల హుషారు చూసి అవతలి బడి ప్రధానోపాధ్యాయుడు మాస్టారిని పక్కకు పిలిచి, వచ్చే ఏడు మా పిల్లలకీ నేర్పుతారా అని అడిగాడు. ఇంట్లో అడిగి చెప్తానన్నాడు ఈయన.

"ఒప్పుకోండి," అంది భార్య ఫోన్లో. "ఈసారి నేనూ వస్తాను. స్కోరు రాసే మనిషి లేక అవస్థ పడ్డామన్నారుగా?"

"నీకు స్కోరు రాయడం ఎక్కడొచ్చే?" అనబోయి, "సరే, నేర్పుతాలే," అన్నాడు.

"మీరొద్దు. మనమ్మాయి నేర్పుతోంది," అంది ఆవిడ.