మల్లేశ్ చేతికి మైకు ఇచ్చిన స్వరూపక్క

కొత్త శాలువా మీది ప్లాస్టిక్ కవరు విప్పగానే ఒక వాసన వస్తుంది. గంజి, రంగు, చాలాకాలం గోదాములో మూసిపెట్టిన బట్ట, మూడూ కలిసిన వాసన. మొన్న ఆదివారం ఉదయం మధురానగర్ కమ్యూనిటీ హాల్లో శాలువాలు బల్ల మీద సర్దుతుంటే అది ముక్కుకు తగిలింది. వేదిక మీద మైకు సెట్టు అతను "హలో, హలో" అంటూ తన గొంతు తనే వింటున్నాడు. బుట్టలో చామంతి దండల మీద ఎవరో నీళ్లు చిలకరించి వెళ్లారు. ప్రజల కోసం ఏదో ఒక మేలు చేసినవారిని మా వార్డు తరఫున ఏటా సన్మానించే సభ అది. ఏర్పాట్లన్నీ నావే. పని చేస్తున్నదాన్ని అలాగే ఆగిపోయి, కాసేపు స్వరూపక్క గురించి ఆలోచిస్తూ నిలబడ్డాను. ఆమెకు శాలువాలంటే పడేది కాదు. "ఎండల మనిషికి దుప్పటి కప్పి ఉడకబెడ్తరు, గిదేం మర్యాదనే సుజాతా!" అనేది. అంటూనే కప్పేది, చాలా శ్రద్ధగా, మెడ దగ్గర మడత పడకుండా.

ఆమెను చూడనివాళ్లకు ఎలా చెప్పాలి? పొట్టిగా, గట్టిగా ఉండేది. నడుస్తుంటే పక్కన పరిగెత్తాల్సి వచ్చేది. అమీర్‌పేటలో పుట్టి పెరిగిన మనిషి. కృష్ణానగర్‌లో చిన్న కుట్టు దుకాణం నడిపేది. సినిమాల్లో గుంపులో కనిపించే జూనియర్ ఆర్టిస్టులకు బట్టలు కుట్టి, ఒకే జాకెట్టును పొద్దున రాణికీ సాయంత్రం కూరగాయలమ్మే ఆవిడకీ సరిపోయేలా చేసేది. మా వార్డును మహిళలకు కేటాయించిన ఏడాది, నలుగురూ నిలబెడితే పోటీ చేసి కార్పొరేటరుగా గెలిచింది. గెలిచాక అందరూ అనుకున్నదేమిటంటే, కుర్చీ ఆమెది, పెత్తనం భర్త యాదగిరిది అని.

నేనూ అలాగే అనుకున్నాను. తెనాలి నుంచి కంప్యూటర్ కోర్సు కోసం వచ్చి, కోర్సు అయిపోయినా ఉద్యోగం దొరకక మధురానగర్ హాస్టల్లో ఉంటున్న రోజులవి. హాస్టల్లో నీళ్లు సరిగా వచ్చేవి కావు. అమ్మాయిలంతా కలిసి నన్ను వార్డు ఆఫీసుకు తోశారు. నలుగురి ముందు నోరు విప్పాలంటే గొంతు పట్టేసే మనిషిని. గుమ్మంలో యాదగిరి గారు కనిపిస్తే ఆయనకే చెప్పడం మొదలుపెట్టాను. ఆయన చేతులు అడ్డంగా ఊపి, "నాకేం ఎర్కమ్మా? గెలిచింది గామె. లోపల ఉన్నది, పో" అని తన స్కూటర్ ఎక్కి వెళ్లిపోయాడు.

లోపల స్వరూపక్క నా మాట సగం విని లేచి నిలబడింది. "ఇక్కడ కూసోని చెప్తే నాకు సమజ్ కాదు. నడు, చూద్దాం" అని నాతో పాటు నడిచి హాస్టలుకు వచ్చింది. యజమాని ఎదురొచ్చి, "ఏంటండీ కార్పొరేటర్ గారూ, కబురు పెడితే నేనే వచ్చేవాణ్ని కదా" అన్నాడు. ఆమె నా వైపు తిరిగి, "ఇందాక నాకు చెప్పినవు గదా, గిప్పుడు ఈయనకు చెప్పు" అంది. గొంతు వణుకుతూనే చెప్పాను. కింద ట్యాంకు నిండుతున్నా మా అంతస్తుకు మోటారు వెయ్యడం లేదని, అడిగితే ఖాళీ చేసి పొమ్మంటున్నారని. ఆయన ఏదో అనబోతే ఆమె చెయ్యెత్తి ఆపింది. "జర ఆగన్నా. పిల్లను పూర్తిగ చెప్పనియ్యి." ఆ సాయంత్రం నుంచి నీళ్లు వచ్చాయి. మర్నాడు ఆమె నన్ను పిలిపించి, "నీకు మాట్లాడటం వచ్చు. రాదని ఎవరో చెప్పిన్రు, నువ్వు నమ్మినవు. నా తాన పని చేస్తవా?" అని అడిగింది. ఉద్యోగం దొరికేదాకా చేద్దామనుకున్నాను. ఇప్పటికీ ఆ వార్డు ఆఫీసు పనిలోనే ఉన్నాను.

ఏటేటా సన్మాన సభ అంతకుముందు నుంచీ ఉండేది. ఫ్లెక్సీలు కట్టించినవారికి, నాయకుల వెంట తిరిగేవారికి శాలువాలు కప్పి, గంటల తరబడి ఉపన్యాసాలు చెప్పేవారు. జనం భోజనాల వేళకు వచ్చేవారు. తన మొదటి ఏడాది స్వరూపక్క ఆ పద్ధతి వద్దంది. నన్ను గల్లీ గల్లీ తిరగమంది. "మంచోళ్లు ఎవరని అడగకు. ఎవరైనా వాళ్ల బామ్మర్ది పేరే చెప్తరు. మీకు కష్టమొచ్చినప్పుడు ఎవరు ఉరికొచ్చిన్రు, అని అడుగు." అంతే నాకు ఆమె ఇచ్చిన శిక్షణ. మెట్రో స్తంభాల కింద పూలమ్మేవాళ్లను, హాస్టళ్ల వంటవాళ్లను, చర్చి నుంచి వస్తున్న కుటుంబాలను, పంజాగుట్ట చౌరస్తాలో ఎండకు నిలబడే ఆటోవాళ్లను అడుగుతూ తిరిగాను. ఆ ప్రశ్నకు ఎవరూ తడుముకోలేదు. అడగ్గానే ముఖాలు మారేవి. ఒక పేరు వచ్చేది, దాని వెనకాల ఒక కథ వచ్చేది.

అందరికంటే ఎక్కువ మంది చెప్పిన పేరు దోసెల బండి మల్లేశ్. ఆ వానాకాలం ఒక మధ్యాహ్నం అమీర్‌పేటలో కుండపోతగా వాన పడింది. రోడ్డు మీది నీళ్లన్నీ ఒక భవనం సెల్లారులోకి దూకాయి. అందులో పోటీ పరీక్షలకు చదువుకునే అమ్మాయిల స్టడీ హాలు ఉంది. కరెంటు పోయింది, మెట్ల మీద నీటి ఉరవడికి ఎక్కి రాలేకపోతున్నారు. రోడ్డు పక్కన, నేలకు సమంగా ఉన్న చిన్న కిటికీలోంచి వాళ్ల కేకలు వినిపించింది మల్లేశ్‌కే. దోసెలు పోసే ఇనుప పెనం ఎత్తి ఆ కిటికీ ఊచలను బాదాడట. ఊచలు ఊడాక బండికి కట్టిన టార్పాలిన్ తాడు లోపలికి వదిలి, నీళ్లలో బోర్లా పడుకుని, అందరినీ ఒక్కొక్కరిగా పైకి లాగాడు. అగ్నిమాపక శాఖ వాళ్లు వచ్చేసరికి అమ్మాయిలు రోడ్డు మీద వణుకుతూ కూర్చుని ఉన్నారు. ఎవరికీ ఏమీ కాలేదు.

నేను ఉత్సాహంగా ఈ సంగతి చెబితే స్వరూపక్క ముఖం వాడిపోయింది. "మల్లేశా? యాడ ఉంటడు గాయన?" అంది. అప్పుడు గుర్తొచ్చింది నాకు. వానల తర్వాత, నడవడానికి దారి లేదని కాలనీవాళ్లు గొడవ చేస్తే, ఫుట్‌పాత్ మీది బండ్లన్నీ తీయించింది ఆమే. మల్లేశ్ బండి కూడా మున్సిపాలిటీ లారీలో పోయింది. ఆమె పార్టీలోని పెద్ద నాయకుడికి సంగతి తెలిసి కబురు పంపాడు. "పోయిన నెల బండి తీయించి, ఈ నెల శాలువా కప్పుతరా? నవ్వుతరు జనం. పేరు మార్చున్రి" అని. స్వరూపక్క కబురు తెచ్చిన మనిషికి టీ ఇప్పించి పంపేసింది. పేరు మార్చలేదు.

ఇద్దరం కలిసి మల్లేశ్ ఇంటికి వెళ్లాం. ఎర్రగడ్డ మార్కెట్ వెనక ఒకే గది. అతను మార్కెట్లో కూరగాయల బస్తాలు మోసి అప్పుడే వచ్చాడు. మమ్మల్ని చూసి లేవలేదు. సన్మానం సంగతి చెబితే నవ్వాడు, బాగా లేని నవ్వు.

"నా బండి గుంజుకపోయిన్రు. శాలువా కప్పుకొని ఏం చెయ్యాలక్కా? దోసెలు పొయ్యాల్నా దాని మీద?"

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. స్వరూపక్క మాత్రం అతని ఎదురుగా గడప మీద కూర్చుంది. "నువ్వన్నది నిజమే" అంది. "కాలనీవాళ్లకు దారి కావాలె, అది సుత నిజమే. కానీ మీరు యాడికి పోతరని నేను ఆలోచించలె. గది నా తప్పు. నువ్వు సభకు రా. ఇప్పుడన్న ముచ్చట అక్కడ మైకుల అను."

"మీ ముంగటనా?"

"నా ముంగటనే. నాకు చెప్తే నేనొక్కదాన్నే ఇంటా. అక్కడైతే అందరు ఇంటరు."

దారిలో నేను ఉండబట్టలేక, "అక్కా, పెద్దాయన వేదిక మీద ఉంటారు కదండీ, గొడవ అవుతుందేమో" అన్నాను. ఆమె నడక తగ్గించలేదు. "అయితే కానీ. మెచ్చుకునుడు ఒక్కటే ఇనాలంటే సభ ఎందుకు, ఇంట్ల అద్దం ముందర నిలబడితే సరిపోదా?" అంది.

సభ రోజు హాలు కిక్కిరిసింది. ఆమె పెట్టిన నియమం ఒకటుంది: సన్మానం పొందేవారి గురించి నాయకులు మాట్లాడకూడదు, వాళ్లవల్ల మేలు పొందినవారే మాట్లాడాలి. మల్లేశ్ గురించి భవాని అనే అమ్మాయి మాట్లాడింది. సెల్లారులోంచి చివరగా బయటపడింది తనే. "నేను రెండుసార్లు తాడు ఇడిచిన. మీరు పోండన్నా, నాతోటి కాదన్న. గీ అన్న తాడు పక్కకు పడేసి చెయ్యి లోపలికి పెట్టిండు. దొరకవట్టిండు, మల్ల ఇడువలె" అని చెప్పి, ఇంకేం చెప్పలేక వచ్చి అతని కాళ్ల మీద పడింది. మల్లేశ్ కంగారుపడి వెనక్కి జరిగాడు. హాల్లో ఏడవనివాళ్లు ఎవరైనా ఉన్నారేమో నాకు తెలియదు, నాకు ఏమీ కనపడలేదు.

స్వరూపక్క శాలువా కప్పి, మైకు అతని చేతికిచ్చింది. అతను కాసేపు దాన్ని ఎలా పట్టుకోవాలో చూసుకున్నాడు. తర్వాత చెప్పాడు. బండి పోయిన రోజు గురించి, బడి మానిన కూతురి గురించి, అతనితో పాటు బండ్లు పోగొట్టుకున్నవారి గురించి. తిట్టలేదు, బతిమాలలేదు. "నేను పానం కాపాడిన అంటున్రు. సంతోషం. మరి మా బతుకు ఎవరు కాపాడాలె?" అని ఆపేశాడు. పెద్ద నాయకుడు కుర్చీలోంచి లేచి, ఎవరితోనూ చెప్పకుండా వెనక తలుపు గుండా వెళ్లిపోయాడు. ఆయన వెంట వచ్చినవారూ వెళ్లారు. ముందు వరసలు ఖాళీ అయ్యాయి.

స్వరూపక్క మైకు అందుకుంది. "మల్లేశన్న చెప్పింది అందరు ఇన్నరు. బండ్లు తీయించింది నేనే. జాగ సుత నేనే చూపిస్త. ముందల కుర్చీలు ఖాళీగున్నయి, ఎనక నిలబడ్డోళ్లు వచ్చి కూసోండ్రి" అంది. జనం వచ్చి కూర్చున్నారు. కార్యక్రమం సాగింది.

ఆ జాగా చూపించడానికి ఆమె పడిన తిప్పలు నేను దగ్గరుండి చూశాను. ఆఫీసుల చుట్టూ తిరిగింది. బండ్లు వద్దన్న కాలనీ పెద్దలనూ బండ్లవాళ్లనూ ఒకే గదిలో కూర్చోబెట్టి, అరుచుకోనిచ్చి, అలిసిపోయాక టీ పోయించి మళ్లీ మొదలుపెట్టించింది. చివరికి ట్రాఫిక్ లేని ఒక పక్క వీధిలో, గోడ వెంట గీతలు గీయించి బండ్లకు చోటు ఇప్పించింది. మల్లేశ్ బండి ఇప్పటికీ అక్కడే ఉంది. పొద్దున వేళ కాలనీ పెద్దలే వరసలో నిలబడి దోసెలు తింటుంటారు.

తర్వాతి ఎన్నికల్లో స్వరూపక్కకు టికెట్టు రాలేదు. నేను ఆమె కంటే ఎక్కువ బాధపడ్డాను. కుట్టు దుకాణానికి వెళితే మిషను మీద వంగి, నోట్లో సూది పెట్టుకుని కూర్చుని ఉంది. సూది తీసి, "ఫికర్ ఎందుకే? చెయ్యాలనుకున్నది చేసిన. నాకు పని ఉన్నది, నీకు సుత ఉన్నది. నువ్వు ఆడనే ఉండు. కొత్తాయన మంచోడైతే మంచిదాయె, కాకుంటే నువ్వు మంచిగ చెయ్యి" అంది.

కొత్త కార్పొరేటరు గారు వ్యాపారి, కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవారు. సన్మాన సభకు ఎవరిని పిలవాలో ఆయనే చెప్పబోతే, "అలా కాదండీ, ఇక్కడ జనమే చెబుతారు" అన్నాను. నా గొంతు వణకలేదు. ఆయన కళ్లజోడు సర్దుకుని, "ఏంటి, అలాగా? సరే కానివ్వండి సుజాత గారూ. కానీ ఫ్లెక్సీ మీద నా ఫొటో మాత్రం కొంచెం పెద్దది వెయ్యండి" అన్నారు. పెద్దదే వేయించాను. సభ మాత్రం పాత పద్ధతిలోనే జరిగింది. స్వరూపక్క యాదగిరి గారితో వచ్చి, మధ్య వరసలో కూర్చుని చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత కొన్నేళ్లకు జబ్బు చేసి వెళ్లిపోయింది. ఆమెను తలచుకున్నప్పుడు నాకు దిగులు కంటే ముందు ధైర్యం వస్తుంది. ఆమెతో కలిసి పనిచేసినవాళ్లెవరిని అడిగినా ఇదే మాట అంటారు.

మొన్న ఆదివారం సాయంత్రం సన్మానం పొందినవారిలో కమలమ్మ అనే నర్సు ఉన్నారు. డ్యూటీ దిగాక తన వీధిలోని ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి, కట్లు మార్చి, ఇంజెక్షన్లు చేసి వస్తారు. మైకు ఇస్తే ఆమె నా వైపే చూస్తూ అన్నారు: "ఈ హాలుకు రంగురంగుల బల్బులు కట్టిన్రు, మంచిగున్నయి. మా గల్లీల ఒక్క లైటు లేదు. చీకట్ల తడుముకుంట పోతున్న. మొన్న పడ్డ సుత." చప్పట్లు తగ్గాయి. మా కమిటీలో ఒకరు నా చెవిలో, "మైకు తీసుకోనా?" అని అడిగారు. వద్దన్నాను. ఆమె చెప్పేదంతా చెప్పనిచ్చాను. నా చెవులు వేడెక్కాయి, నిజమే, కానీ నిలబడ్డ చోటు నుంచి కదల్లేదు.

వేదిక దిగాక ఆమె దగ్గరికి వెళ్లి, "రేపు పొద్దున్నే వస్తాను కమలమ్మ గారూ, ఏ స్తంభాలో చూపించండి" అన్నాను.

"వస్తమని అందరు అంటరమ్మా."

"నేను వస్తాను."

సోమవారం పొద్దున లైన్‌మన్‌ను వెంటబెట్టుకుని వెళ్లేసరికి ఆమె గేటు దగ్గరే చెప్పులేసుకుని సిద్ధంగా ఉన్నారు. ముగ్గురం గల్లీ మొదటి స్తంభం నుంచి నడవడం మొదలుపెట్టాం.